మంత్రిగారి ఊడని పూత

పోలీసు పిస్టల్ మీది మెరుగు పోతే దేశం పరువు పోయినట్టేనని, తన ఊపిరి ఉన్నంతవరకు ఆ పరువు పోనివ్వనని హోంమంత్రి మిలిసావ్ కోప్రివిత్సాగారు విలేకరుల ముందు బల్ల గుద్ది చెప్పారు. బల్ల మీది నీళ్ళగ్లాసు ఎగిరిపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ త్రివూన్ కూడా కొట్టాడు. జిల్లా పోలీసు ఆయుధాల గదికి అతను ఇన్‌చార్జి. ఎవరేం చెప్పినా చప్పట్లు కొట్టడం ఆ ఉద్యోగంలో సగం పని.

మంత్రిగారి ఆవేశం ఊరికే పుట్టింది కాదు. ఆ మధ్య ఓ విదేశీ అతిథికి జ్ఞాపికగా నికెల్ పూత పిస్టల్ ఇచ్చారు. ఆయన ముచ్చటపడి తెల్ల చేతిరుమాలుతో తుడిచాడు. పూత ఉల్లిపొట్టులా లేచి రుమాలుకు అంటుకుంది. అతిథి రుమాలును చూశాడు, మంత్రిగారిని చూశాడు, పొట్టుతో సహా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళపాటు మంత్రిగారికి అన్నపానాలు సయించలేదట. పాపం, మనిషి చిక్కి సగమయ్యారని పేపర్లు రాశాయి. బొత్తాలు మాత్రం ఎప్పటిలాగే బిగుతుగానే ఉన్నాయి.

"కరెంటు తొట్టెలో ముంచి తీసే ఆ పాత మెరుగు ఇక చాలు! ఇకనుంచి స్ప్రే! పిచికారీ కొట్టి పొయ్యిలో కాల్చామంటే మన మనవలు ముసలాళ్ళయినా ఊడదు!" అన్నారు మంత్రిగారు.

ఆ పిచికారీ కాంట్రాక్టు బహిరంగ పోటీలో ఆయన మేనల్లుడు నెగోవాన్‌కు దక్కింది. పోటీకి వచ్చింది అతనొక్కడే, అయినా మొదటి స్థానంలో నిలిచాడు. అర్హత లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పూతను కాల్చడానికి పెద్ద పొయ్యి కావాలి. ఊళ్ళోకెల్లా పెద్ద పొయ్యి నెగోవాన్ బురెక్ దుకాణంలోనే ఉంది. పొద్దున మాంసం కూరి పొరలుగా కాల్చిన బురెక్ రొట్టెలు, మధ్యాహ్నం నుంచి పిస్టళ్ళు.

అయితే మంత్రిగారు న్యాయమూర్తి లాంటివారు. పరీక్ష లేకుండా దేన్నీ ఒప్పుకోరు. కొత్త పూతకూ పాత మెరుగుకూ పోటీ పెట్టమని ఓ నిపుణుల సంఘాన్ని వేశారు. పోటీకి మంచి నికెల్ పిస్టల్ ఒకటి కావాల్సివచ్చింది. ఆయుధాల గదిలో ఉన్నవన్నీ అప్పటికే పొట్టు రాలుస్తున్నాయి. అప్పుడు అందరికీ త్రివూన్ తాత పిస్టల్ గుర్తొచ్చింది. ఎప్పుడో తాత నాటిది. ఒరలో రాసుకుని మూతి దగ్గర కాస్త అరిగింది గాని, మిగతాదంతా అద్దంలా ఉంటుంది. వాళ్ళింట్లో ఏ పెళ్ళి జరిగినా పేలింది అదే. త్రివూన్ దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు.

ఉప్పునీటి పరీక్ష చేయాలన్నారు. ప్రయోగశాలకు కరెంటు బిల్లు కట్టక తాళం పడింది. చలికాలానికి క్యాబేజీ ఊరవేసిన పీపాలు ఇంటింటా ఉన్నాయి కదా, అదీ ఉప్పునీరే కదా అని సంఘం అధ్యక్షుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రెండు పిస్టళ్ళకూ దారం కట్టి త్రివూన్ ఇంట్లో పీపాలోనే ముంచారు.

"ఏమయ్యా, మీ ప్రభుత్వానికి ఉప్పుకు కూడా గతి లేదా?" అని త్రివూన్ భార్య దెసంక మొగుడి మీద విరుచుకుపడింది. "పిల్ల పెళ్ళికి దాచుకున్న క్యాబేజీ అది! మగపెళ్ళివాళ్ళకు తుపాకుల పులుసు పొయ్యమంటావా?"

"ఊరుకోవే, ఇది దేశం పని," అన్నాడు త్రివూన్.

"దేశమే వచ్చి వండుకోమను!"

పీపాలోంచి తీసేసరికి పిచికారీ పిస్టల్ కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. తాత పిస్టల్‌కు అక్కడక్కడా నల్లమచ్చలు లేచాయి. త్రివూన్ దాన్ని చొక్కా కొసతో తుడుస్తూ కూర్చున్నాడు, మచ్చలు పోలేదు. సంఘం క్యాబేజీని కూడా రుచి చూసి, పూతవల్ల ఆరోగ్యానికి హాని లేదని తేల్చింది. రెండోసారి వడ్డించుకుని మరీ తేల్చింది.

ఇక మిగిలింది కాల్పుల పరీక్ష. మంత్రిగారు దానికి త్రివూన్ పెద్దకూతురు స్తమేన పెళ్ళినే ఎంచుకున్నారు. పెళ్ళికొడుకు ఒబ్రెన్ కానిస్టేబుల్. మంత్రిగారు అతని తరఫున పెళ్ళిపెద్దగా రావడానికి దయతో ఒప్పుకున్నారు. పెళ్ళికూతురి ఇంటి ముందు ఎత్తైన గడకు యాపిల్ కడతారు. మగపెళ్ళివాళ్ళు దాన్ని పేల్చి పడగొడితేనే పిల్ల గడప దాటుతుంది. పడకపోతే పిల్ల లోపలే, పెళ్ళివాళ్ళు బయటే.

"ఆ యాపిల్‌ను కొత్త పూత పిస్టల్‌తో నేనే కొడతాను. టీవీవాళ్ళను పిలవండి," అన్నారు మంత్రిగారు.

పెళ్ళిరోజు పొద్దున్నే నెగోవాన్ బురెక్ పెట్టెలో పిస్టల్ పెట్టుకుని వచ్చాడు. కాస్త వెచ్చగా ఉంది. అతని వెనకాల వీధికుక్కలు ఊరేగింపుగా వచ్చి గేటు దగ్గర కూర్చున్నాయి. మంత్రిగారు పట్టేది కదా అని ఇంకో రెండు పొరలు ఎక్కువ కొట్టానన్నాడు. త్రివూన్ పెట్టె తెరిచాడు. ఆలివ్ రంగులో, ఎక్కడా అతుకన్నది కనపడకుండా, ముద్దుగా ఉంది. పై భాగం వెనక్కి లాగాడు. రాలేదు. మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాడు. ట్రిగ్గర్ నొక్కి చూశాడు. అదీ రాయిలా ఉంది.

"ఒరే నెగోవాన్, దీన్ని విప్పి, ముక్కలకు విడివిడిగా పూత వేశావా?"

"విప్పడమెందుకు బాబాయ్? విప్పితే మళ్ళీ బిగించొద్దూ?"

"కదలట్లేదురా!"

"కదిలితే రాసుకుంటుంది. రాసుకుంటే పూత పోతుంది. పోకూడదనే కదా మామయ్య ఇంత కష్టపడుతోంది?" అని నెగోవాన్ నొచ్చుకున్నాడు. "పని సరిగ్గా ఉందని సంతకం పెట్టు బాబాయ్, పొయ్యిలో బురెక్ మాడుతోంది."

సంతకం పెట్టకపోతే త్రివూన్ ఉద్యోగం పోతుంది, రేపో మాపో అల్లుడి ఉద్యోగమూ పోతుంది. పెడితే కూతురు గడప దాటదు. వంటింట్లోంచి స్తమేన నవ్వు వినిపించింది. సంతకం పెట్టేశాడు.

మధ్యాహ్నానికి బూరల మేళంతో మగపెళ్ళివాళ్ళు దిగారు. ప్లమ్ సారా సీసాలు చేతులు మారాయి. మంత్రిగారు కాళ్ళు ఎడంగా పెట్టి, పిస్టల్ ఎత్తి, గడ చివరి యాపిల్‌కు గురిపెట్టారు. మేళం ఆగింది.

"మంత్రిగారు గురి చూస్తున్నారు," అంది టీవీ అమ్మాయి మైకులో. కాసేపయ్యాక, "ఇంకా చూస్తున్నారు," అంది. ఇంకాసేపయ్యాక, "తొందరపాటు ఎరుగని నాయకుడు!" అంది.

మంత్రిగారి వేలు ఎర్రబడింది. తర్వాత మెడ ఎర్రబడింది. రెండు చేతులతో నొక్కారు. పిస్టల్‌ను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఒబ్రెన్ బిక్కమొహం వేశాడు. అతని మేనత్త ఇది అపశకునమని అప్పుడే కొంగులో ముక్కు చీదడం మొదలుపెట్టింది. కిటికీలోంచి స్తమేన తొంగిచూసి, "నాన్నా! నేనిక్కడే ముసలిదాన్నయిపోవాలా?" అని అరిచింది. ఆ గొంతులో ఏడుపు ఉంది.

త్రివూన్ ఇక ఆగలేకపోయాడు. క్యాబేజీ పీపా ఉన్న పాక వెనక్కి పరిగెత్తాడు. కోటు లోపలినుంచి మచ్చల పిస్టల్ తీశాడు. "తాతా, నీదే భారం," అనుకుంటూ పేల్చాడు. యాపిల్ ముక్కలై మగపెళ్ళివాళ్ళ టోపీల మీద పడింది.

మేళం ఒక్కసారిగా అందుకుంది. మంత్రిగారు తన పిస్టల్ వైపు అయోమయంగా చూశారు. కెమెరా వైపు చూశారు. పిస్టల్‌ను ముద్దు పెట్టుకున్నారు. స్తమేన గడప దాటింది. దెసంక ఏడ్చింది. త్రివూన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఈసారి నిజంగానే.

మర్నాడు సంఘం రెండు పిస్టళ్ళనూ భూతద్దంతో పరీక్షించింది. పిచికారీ పిస్టల్‌పై ఒక్క గీత లేదు. అంతేకాదు, పేల్చిన తర్వాత కూడా మూతి దగ్గర మసి లేదు, వాసనైనా లేదు. ప్రపంచంలో ఏ పూతా ఇంతటి గుణం చూపలేదని అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. తాత పిస్టల్ మూతి మాత్రం నల్లగా మాడి ఉంది.

"ఊరికే ఇంట్లో పడున్నదానికి ఇంత మసెక్కడిదయ్యా?" అని మంత్రిగారు అడిగారు.

త్రివూన్ పక్కనే సెల్యూట్ కొట్టి నిలబడ్డ అల్లుణ్ణి చూశాడు. "పాత మెరుగు కదండీ, దానికదే నల్లబడుతుంది," అన్నాడు.

"చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదదే!" అని మంత్రిగారు పొంగిపోయి, త్రివూన్ భుజం తట్టారు. "నువ్విప్పుడు మా బంధువువి. ఆ పాతదానికి నా సొంత ఖర్చుతో పూత వేయిస్తా. కాదనకు."

కాదనలేదు. వారం తిరక్కుండా తాత పిస్టల్ బురెక్ పెట్టెలో వెచ్చగా ఇల్లు చేరింది. మచ్చలన్నీ పోయాయి. ఆలివ్ రంగులో ఒకే ముద్దగా ఉంది. దెసంక దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. ఆ ఎండాకాలంలోగా దేశంలోని పోలీసు పిస్టళ్ళన్నిటికీ పూత పూర్తయింది. ఏడాది తిరిగేసరికి పోలీసు కాల్పుల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదని మంత్రిగారు సభలో ప్రకటించారు. పొరుగు దేశం నుంచి అభినందన కూడా వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన శరదృతువులో చిన్నకూతురు కోవిల్క పెళ్ళి కుదిరింది. వరుడు కూడా పోలీసే. పెళ్ళిపెద్దగా మళ్ళీ తానే వస్తానని, యాపిల్ తానే కొడతానని మంత్రిగారు కబురంపారు. త్రివూన్ కిటికీలో ఉన్న పిస్టల్ వైపు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"బెంగపడకు నాన్నా," అంది కోవిల్క. "బాగా మగ్గినదాన్ని చూసి కట్టు. ఆయన గురి చూస్తుండగానే దానంతటదే రాలుతుంది."

త్రివూన్‌కు ప్రాణం లేచొచ్చింది. సంచీ తీసుకుని సంతకు పరిగెత్తాడు. అక్కడ యాపిల్ బుట్టల్లో అన్నీ దోరకాయలే ఉన్నాయి.

"మగ్గినవి లేవా తల్లీ?" అని అడిగాడు.

"ఇంత ఆలస్యంగా వస్తే ఎలా బాబాయ్?" అంది కొట్టు ఆవిడ. "పెళ్ళిళ్ళ రోజులు కదా. మగ్గినవన్నీ మీ పోలీసులే ముందుగా చెప్పి పట్టుకుపోయారు."