పైకొమ్మన ఎర్రగిన్నె

శుక్రవారం పొద్దున జైనబీ అనుకున్నది ఒక్కటే. మేడమ్ సముద్రం ఒడ్డున నడిచి వచ్చేలోగా ఇల్లు అద్దంలా పెట్టాలి, మంచి టీ చేతికివ్వాలి, బతాకా సంగతి కదపాలి. ఒమన్‌లో ఉండనిచ్చే ఆ కార్డుకి నెలాఖరుతో గడువు తీరిపోతుంది. మేడమ్ కాంట్రాక్టూ అప్పటికే అయిపోతుంది. ఆవిడ రొమేనియా వెళ్ళిపోతే జైనబీ కడప దారి పట్టాల్సిందే.

దొయినా మేడమ్ దుక్మ్ రేవులో ఇంజనీరు. యాభై నాలుగేళ్ళు, భర్త పోయి తొమ్మిదేళ్ళు. కిందటేడు తల్లి పోతే పల్లెకి వెళ్ళి, ఆమె వంటింట్లోని ఎనామిల్ గిన్నెలు డజను మోసుకొచ్చింది. పదకొండింటిని వాకిట్లో ఎండిన తుమ్మచెట్టు కొమ్మలకి బోర్లించింది. వాళ్ళ దేశంలో గిన్నెల స్టాండ్లు దొరకవు కాబోలని జైనబీ జాలిపడింది.

పన్నెండోది ఎర్రది. దాన్ని మేడమ్ బీరువాలోంచి తీయనేలేదు. ఈ రోజు మెప్పు కోసం జైనబీ దాన్ని తీసి తళతళలాడేలా తోమింది. కిందికొమ్మకి పెడితే పక్కింటి మేకలు నాకుతాయని, స్టూలెక్కి అన్నిటికంటే పైకొమ్మకి తగిలించింది.

గంట గడవకముందే ఒక పికప్ ఆగింది. అందులోని ఇద్దరు తెల్లవాళ్ళు చెట్టుకి ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. పదిన్నరకి మళ్ళీ వచ్చారు. ఈసారి ఐదుగురు, నున్నగా గడ్డాలు గీసుకుని, కుట్టుపని చేసిన తెల్లచొక్కాలు తొడుక్కుని. ముందున్న నెరిసిన మీసాలాయన చేతిలో పెద్ద రొట్టె. చెట్టు కిందికి రాగానే టోపీ తీసి, దర్గా ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాడు.

కారు తుడుస్తున్న డ్రైవరు దస్తగిర్‌ని జైనబీ పిలిచింది.

"ఎవరంట్రా వీళ్ళు?"

"మేడమ్ దేశపోళ్ళే ఆపా. రేవులో క్రేన్లు నడిపేటోళ్ళు. ఇంట్లో ఎవురుండారని అడుగుతాండారు."

"ఇల్లు చూసుకోను వచ్చినారు. మేడమ్ ఖాళీ చేస్తాంది, మనకు చెప్పనే లేదు. నీళ్ళు రావని చెప్పు. ఏసీ చల్లబడదు, తేళ్ళు తిరుగుతాయని చెప్పు."

దస్తగిర్ ఇంగ్లీషులో చెప్పాడు. ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పొంగిపోయారు.

"ఏందిరా ఆ సంబరం?"

"తెల్దాపా. ఇంకా చెప్పమంటాండారు."

"ఈ ఇంట్లో నేను తప్ప ఆడమనిషే లేదని చెప్పు. పోతారు."

ఆ మాటకి మీసాలాయన కళ్ళు చెమర్చాయి. రొట్టె జైనబీ చేతుల్లో పెట్టి నడుం దాకా వంగాడు. వెనకవాళ్ళు చప్పట్లు చరుస్తూ పాటందుకున్నారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. మేకలూ వచ్చాయి.

అప్పుడొచ్చింది మేడమ్. చెట్టుని చూసింది, మనుషుల్ని చూసింది, మెట్ల మీద కూలబడి నవ్వసాగింది. తల్లి పోయాక ఆవిడ నవ్వగా జైనబీ చూడలేదు.

మేడమ్ చెప్పిందంతా విని దస్తగిర్ విప్పి చెప్పాడు.

"వాళ్ళ పల్లెల్లో పైకొమ్మన ఎర్రగిన్నె ఉంటే ఆ ఇంట్లో పెళ్ళి కావల్సిన పిల్ల ఉండాదని లెక్కంట ఆపా. ఈ మీసాలాయనకు పిల్లను అడగను వచ్చినారు. వచ్చినోళ్ళకు ఇంటోళ్ళు కొంచేపు అడ్డం చెప్పల్లంట. పిల్లకు బదులు ఎవురో ముసిలామెను చూపీయల్లంట. నువ్వు అన్నీ వరసగా చేసినావంట. వాళ్ళ దేశంలో గూడా ఇప్పుడింత బాగా చేసేటోళ్ళు లేరంట."

"ముసిలామెనా?" అంది జైనబీ.

కానీ చెట్టుకేసి చూసేసరికి కోపం నిలవలేదు. తన పెళ్ళికి ముగ్గురు పెద్దమనుషులు రెండేళ్ళు తిరిగారు. నోరు లేని ఈ గిన్నె, ఎక్కడో మంచుకొండల పల్లె మాటని, ఈ ఇసుకలో గంటలో చెప్పేసింది. మేడమ్ పెళ్ళినాడు తల్లి తన చేత్తో దించిందట దాన్ని. మళ్ళీ ఇవాళే ఎక్కింది. ఆ వెంటనే జైనబీకి బతాకా గుర్తొచ్చింది.

"తప్పయింది మేడమ్," అంటూ స్టూలు తెచ్చింది.

మేడమ్ మీసాలాయనకేసి చూసింది. ఆయన పేరు వసీలె. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఉండనీ," అంది మేడమ్ తనకొచ్చిన వంటింటి హిందీలో. "పైన ఎండ బాగా తగులుతుంది."

నెలాఖరుకి మేడమ్ కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించుకుంది, జైనబీకి కొత్త బతాకా వచ్చింది. ఎర్రగిన్నెని వసీలె స్టూలెక్కి తనే దించాడు.

అప్పటినుంచి జైనబీ కడిగిన గిన్నె ఏదైనా సరే, ఇంట్లోనే ఆరబెడుతోంది.