పోర్టల్ గారి దయ వల్ల

కవిత్వం చదవాలనుకునే పిల్లలకు కవిత్వం క్లాసు దొరక్కుండా చేయడమే నిజమైన సాహిత్య సేవ! తొందరపడి తిట్టకండి. నెబ్రాస్కాలో ఓ చిన్న కాలేజీలో ఇరవై రెండేళ్లు ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆలోచించే అంటున్నాను.

మా దగ్గర ఈ పుణ్యకార్యం చేసేది రిజిస్ట్రేషన్ పోర్టల్. మొదటి సెమిస్టర్‌లో ఎవరు ఏ క్లాసులో కూర్చోవాలో కంప్యూటర్లోంచి అదే తేలుస్తుంది. మనిషైతే బతిమాలితే కరుగుతాడు. అలాంటి బలహీనతలు దానికెక్కడివి?

ట్రూడీ కొవారిక్ సంగతే చూడండి. ఇదంతా తర్వాత ఆ పిల్ల నోటే విన్నాను. పద్దెనిమిదేళ్లది. వాళ్ల ఊరి లైబ్రరీలో పుస్తకాలన్నీ రెండేసిసార్లు నమిలేసి, ఇంగ్లిషే ప్రధానాంశంగా మేజర్ చేస్తానని భీష్మించుకుంది. వాళ్లమ్మ గసగసాలు పెట్టిన కొలాచీ బన్నులు ఓవెన్‌లోంచి తీస్తూ షరతు పెట్టింది.

"చూడవే, మొదటి సెమిస్టర్‌లో ఒక్కటంటే ఒక్క ఇంగ్లిషు క్లాసు సంపాదించి చూపించు. ఆ తర్వాత నీ ఇష్టం. దొరకలేదా, నోరు మూసుకుని నర్సింగులో చేరు."

"ఒక్కటేనా? అదెంతసేపమ్మా!"

అమాయకురాలు!

జూలైలో ఓ రోజు పొద్దున్న ఏడింటికి పోర్టల్ తెరుచుకుంది. ట్రూడీ వ్యాసరచన క్లాసు నొక్కింది. "హైస్కూలు పరీక్షలో మీకు అత్యుత్తమ మార్కులు వచ్చాయి కనుక మీకీ క్లాసు అక్కర్లేదు" అంది పోర్టల్. నవలల క్లాసు నొక్కింది. "ముందు వ్యాసరచన క్లాసు పూర్తి చేసి రండి" అంది. ప్రతిభకు శిక్ష తప్పదన్న సత్యం మేం నాలుగేళ్లలో నేర్పలేకపోయాం. అది రెండు నిమిషాల్లో నేర్పేసింది!

ఇక మిగిలింది 'కవిత్వ పరిచయం' ఒక్కటే. పదిహేను సీట్లు. చేరినవాళ్లు నలుగురు. "నిండిపోయినది" అంది పోర్టల్!

క్లాసుల ఎంపికలో సలహా చెప్పడానికి కాలేజీ వేసిన అడ్వైజర్‌కి ట్రూడీ కంగారుగా ఫోన్ చేసింది. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఇంగ్లిషు చదివే పిల్లకి ఇంగ్లిషు తెలిసినవాణ్ణి వేస్తే పక్షపాతం కాదూ?

"మిగతా పదకొండూ రెండో ఏడాది వాళ్లకి అట్టేపెట్టారమ్మాయ్."

"వాళ్లెవరూ చేరలేదు కదండీ?"

"చేరలేదు. అందుకేగా ఖాళీగా ఉన్నాయి!"

"ఖాళీగా ఉంటే నాకివ్వొచ్చుగా?"

"ఆ ఖాళీలు నిండిపోయాయమ్మా. వెయిటింగ్ లిస్టులో పేరు వేసుకో. అన్నట్టు, భూగర్భశాస్త్రంలో బోలెడన్ని సీట్లున్నాయి!"

వెయిటింగ్ లిస్టులో ఆ పిల్ల పదకొండోది. మిగతా టైమ్‌టేబుల్‌ని పోర్టల్ కన్నతల్లిలా నింపిపెట్టింది. భూగర్భశాస్త్రం, స్టాటిస్టిక్స్, 'కాలేజీలో విజయం సాధించడం ఎలా' అనే తప్పనిసరి క్లాసు, బ్యాడ్మింటన్. నవ్వకండి, రేపు విమర్శకులు కొట్టేవి తిప్పికొట్టొద్దూ?

అక్కణ్ణుంచి రోజూ లేవగానే పోర్టల్ దర్శనం. ఇంత నిష్ఠగా ఎవరైనా పద్యం చదివారా? ఆగస్టు చివరికి కూడా పదకొండు పదకొండుగానే ఉంది.

వెయిటింగ్ లిస్టు పిల్లలు మొదటి రోజు వచ్చి కూర్చుంటే, మాస్టారు జాలిపడి చేర్చుకోవడం మా దగ్గర పాత ఆచారం. పదకొండు మందీ వచ్చారు. చేరిన నలుగురూ వచ్చారు. కుర్చీలన్నీ నిండాయి. సరిగ్గా అప్పుడే అందరి ఫోన్లూ ఒక్కసారి గుయ్యిమన్నాయి.

"కవిత్వ పరిచయం: చేరినవారు నలుగురే. కనీసం ఎనిమిది మంది లేనందున క్లాసు రద్దు."

కింద డీన్ గారి మాట కూడా ఉంది. నేటి యువతలో సాహిత్యాభిరుచి అడుగంటిపోతున్నందుకు ఆయన తీవ్రంగా బాధపడుతున్నారట. ఆ బాధని పదిహేను మంది యువత కిక్కిరిసి కూర్చుని చదువుకున్నారు.

ట్రూడీ వాళ్లమ్మకి ఫోన్ చేసింది. "ఆ నర్సింగు కాగితాలు పంపించెయ్యమ్మా" అంది. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటూ, కుర్చీ దొరక్క కిటికీ దగ్గర నిలబడ్డ బట్టతల మనిషిని చూసింది.

"మీరూ వెయిటింగ్ లిస్టేనా అండీ?"

ఆ క్లాసు చెప్పాల్సినవాణ్ణి నేనే. సెమిస్టర్‌కో కాంట్రాక్టు కాగితం మీద నడిచే కొలువు నాది. క్లాసు లేకపోతే నేనూ లేను.

"అవునమ్మా," అన్నాను. "మీ పదకొండు మంది తర్వాత నేనే."