బాణం గుర్తున్న అర్జీలు

మడివాళ మార్కెట్ ఆధునికీకరణ సమితి ఛైర్మన్ చిక్కమునియప్ప గారు సోమవారం ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఇకమీదట మార్కెట్ పాలనలో కాగితమన్నదే ఉండదట. ఆ సంగతి జనానికి తెలియాలని ఎనిమిది వేల కరపత్రాలు వేయించారు.

కొత్త కంప్యూటర్‌కు హారతి పళ్లెం నా స్టీలు సామాన్ల అంగడి నుంచే వెళ్లింది. అందువల్ల ఆ మహత్కార్యాన్ని పక్కనే కూర్చుని చూసే భాగ్యం నాకు దక్కింది. పళ్లెం తిరిగి రాలేదు. పరిచయం మిగిలింది. వ్యాపారంలో దాన్ని నష్టమనరు.

కొత్త మార్కెట్ కట్టడంలో అరవై అంగళ్లు. ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లు పెట్టుకున్న అర్జీలు రెండు వందల పన్నెండు. అంగడి దొరకనివాళ్లు ఒకటో తేదీకల్లా ఫుట్‌పాత్ ఖాళీ చేయాలి. నా అంగడి ముందు ముప్పై ఏళ్లుగా ఆకుకూరలమ్మే సొన్నమ్మ అర్జీ కూడా వాటిలో ఉంది. ఆమెకు వేరే చోటు లేదు.

పక్కనున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే హరిణి అనే అమ్మాయి, సాయం చేద్దామని సెలవు పెట్టుకుని వచ్చి, అర్జీలన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టింది.

"లోపల దాచిపెడితే ఎట్లమ్మా? అందరి పేర్లూ నా కండ్ల ముందర ఉండాల" అన్నారు ఛైర్మన్ గారు. పారదర్శకత ఆయన ఊపిరి.

హరిణి ఒక్కో అర్జీకి ఒక్కో షార్ట్‌కట్ చేసి తెర నిండా పరిచింది. "సార్, ఇవి అంగడి బోర్డుల్లాంటివి. సరుకంతా ఫోల్డర్‌లోనే ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి."

నాకు వెంటనే అర్థమైంది. ఛైర్మన్ గారికి అంతకన్నా ఎక్కువ అర్థమైంది. ఆ అమ్మాయి వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచారు.

"చూస్తివా అప్పా? సొన్నమ్మ పేరు తెర మీద ఉండాది, ఫోల్డర్‌లోనూ ఉండాది. ఓటర్ల లిస్టులో ఒకే పేరు రెండు చోట్ల ఉంటే ఏమంటారు?"

"బోగస్ అంటారు సార్."

"మరి వీటిలో ఏది బోగస్?"

పెద్దవాళ్లు ప్రశ్న వేసేటప్పుడే జవాబు చేతిలో పెట్టుకుని ఉంటారు.

"తెర మీద ఉండేవాటికి మూలలో బాణం గుర్తు ఉండాది చూడు. గుర్తు ఉండేవాడే అసలు అభ్యర్థి. గుర్తు లేనోళ్లను తీసేయాల."

తీసేశారు. ఒక్క నొక్కుతో రెండు వందల పన్నెండు మంది బోగస్‌లు! ఏ ఎన్నికల్లోనూ ఎవరికీ సాధ్యం కానిది. పరిశుభ్రత మీద మక్కువ కొద్దీ కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారు. అసలు కాగితాలను ఆ సాయంత్రమే, ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా ఆగి, కాగితం మిల్లుకు పోయే లారీలోకి ఎత్తించారు. నేను చప్పట్లు కొట్టాను.

మరునాడు హరిణి వచ్చి సొన్నమ్మ పేరు మీద నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. ఇంకో పేరు నొక్కింది. ఇంకోటి.

"సార్, లోపల ఏమీ లేదు!"

"పేరు ఉండాది కదమ్మా?"

"పేరొక్కటే ఉంది సార్!"

"అది చాలదా? పెన్‌డ్రైవ్‌లో వేసి, అంగళ్లిచ్చే హెడ్డాఫీసుకు పంపించు."

"వాళ్లు తెరిచి చూస్తారు కదా సార్!"

ఛైర్మన్ గారు ఆమె వైపు జాలిగా చూశారు. "ప్రైవేటులో పనిచేస్తావు కదమ్మా, నీకు తెలీదులే."

పెన్‌డ్రైవ్ వెళ్లింది. పది రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ప్రతి అర్జీనీ మూడు అంచెల్లో క్షుణ్ణంగా పరిశీలించామనీ, ఇంత పొందికగా ఫైళ్లు పంపిన సమితి మరొకటి లేదనీ అందులో రాశారు. ఛైర్మన్ గారికి శాలువా కప్పాం. ఆ వెంటే అర్జీదారులకు కవర్లు వచ్చాయి.

సొన్నమ్మ తన కవరు తెచ్చి నా చేతికిచ్చింది. "చదివి చెప్పప్పా. అంగడి ఇచ్చినారా?"

చదివాను. "మీ అర్జీని ఆసాంతం పరిశీలించాం. జతచేసిన ఫొటోలో ముఖం స్పష్టంగా లేనందున తిరస్కరించడమైనది."

సొన్నమ్మ చేతిలోని తోటకూర కట్ట కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకో ఫొటో తీయించుకొస్తే ఒప్పుకుంటారా అప్పా?"

"అడిగి చూస్తాను" అన్నాను.

నా జేబులోనూ అలాంటి కవరే ఉంది. ఒకటో నంబరు అంగడి నాకిచ్చారు. మూలది, రెండు వైపులా దారి. నేను అర్జీ పెట్టనే లేదు.