కొప్పమ్మ బదిలీ

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్న సామెత మన దేశంలో తరతరాలుగా నిరాటంకంగా అమలులో ఉండేది. మొన్న వేసవిలో ఖాళీ గోనెసంచుల సంరక్షణ శాఖవారు దాన్ని రద్దు చేశారు. సామెతను రద్దు చేసే అధికారం ఒక శాఖకు ఉంటుందా అని ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు ఆఫీసులో హాజరు పడాలి. హాజరు పడాలంటే కొప్పు సక్రమంగా ఉండాలి.

శాఖ సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ధాన్యం కొంటే సంచులు కావాలి. ధాన్యం వెళ్ళిపోతే సంచులు ఖాళీ అవుతాయి. ఖాళీ అయినంత మాత్రాన వాటిని దిక్కులేనివాటిగా వదిలేయడానికి ఇది అడవి కాదు కనుక, వాటికొక శాఖ పెట్టారు. (నిండు సంచులకు వేరే శాఖ ఉంది. ఈ రెండు శాఖలకూ మాటల్లేవు.) నందికొట్కూరు మార్కెట్ యార్డు వెనక ఆ శాఖకు ఒక గది, ఆ గదిలో దేవేంద్రప్ప అనే సూపరింటెండెంటు, సుచరిత అనే జూనియర్ అసిస్టెంటు, ఒక ఫ్యాను ఉండేవి. ఫ్యాను దేవేంద్రప్ప వైపు తిరిగి ఉండేది.

సుచరిత కాపురం కమలాపురంలో. భర్త జ్ఞానేశ్వర్‌కు అక్కడ కిరాణా కొట్టు, ఒకటో తరగతి చదివే కూతురు, కీళ్ళవాతంతో వేళ్ళు వంగని తల్లి కన్యకమ్మ. సుచరిత మాత్రం నందికొట్కూరులో అద్దెగదిలో ఉండి, శనివారం సాయంత్రం కర్నూలు బస్సెక్కి, అక్కడ కడప బస్సెక్కి, కడపలో ఇంకో బస్సెక్కి ఇల్లు చేరేది. పిల్లను కళ్ళారా చూసేలోపే ఆదివారం మధ్యాహ్నమయ్యేది.

మిగిలిన వారమంతా పాపకు రెండు జడలు వేసే పని జ్ఞానేశ్వర్‌ది. పొట్లం కట్టడంలో అతనికి కమలాపురంలో సాటి లేదు. చింతపండు ఎలా కడతాడో కూతురి జడలూ అలాగే కట్టేవాడు, అదే పురికొసతో, అదే ముడితో. సాయంత్రం ఆ ముడి విప్పడానికి కత్తెర కావలసి వచ్చేది. కత్తెర తిరిగినప్పుడల్లా కాస్త జుట్టు కూడా పోయేది. ‘మీ అమ్మాయి జడలు సమానంగా లేవు’ అని బడివాళ్ళు ఫోటోతో సహా ఫోనుకు పంపేవారు. ఆ ఫోటో చూసుకుని సుచరిత గోనెసంచుల మధ్య కూర్చుని ఏడ్చేది. కమలాపురానికి బదిలీ కావాలి, పొద్దున లేచి ఆ పిల్ల తల తన చేత్తో దువ్వాలి. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు.

బదిలీ ఎలా వస్తుందో శాఖ ముందే స్పష్టం చేసింది. హాజరు బాగున్నవారికి వస్తుంది. హాజరు ‘ముఖసాక్షి’ అనే యాప్ వేస్తుంది. విరబోసుకున్న జుట్టు వల్ల ముఖసాక్షి గందరగోళపడుతోందని గ్రహించిన పైవారు, పొడుగు జుట్టున్న మహిళా సిబ్బంది అందరూ చక్కని కొప్పుతోనే రావాలని ఉత్తర్వు ఇచ్చారు. చక్కని కొప్పు అనగా వెనుక నుండి చూచినప్పుడు గుండ్రముగానూ, ముందు నుండి చూచినప్పుడు లేనట్లుగానూ ఉండవలెను. (ఈ నిర్వచనం రాసిన సంఘంలో ఆరుగురు సభ్యులు. అందరూ మగవాళ్ళు, నలుగురికి బట్టతల.)

సుచరిత గ్రహచారం కొద్దీ, ఉత్తర్వుకు కొద్దిరోజుల ముందే మరిది పెళ్ళికని కర్నూలులో పార్లరుకు వెళ్ళింది.

‘‘లేయర్స్ కొట్టిచ్చుకోక్కా, మొగం నిండుగా కనపడ్తాది’’ అంది పార్లరమ్మాయి.

మొగం నిండుగానే కనపడింది. పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికూతురి కంటే సుచరితే బాగుందని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ తర్వాత ఆమె జుట్టులో కొంత నడుము దాకా, కొంత భుజం దాకా, కొంత గడ్డం దాకా ఉండిపోయింది. మెడ మీద కొప్పు పెడితే ముందు పాయలు అంతదూరం అందేవి కావు. అందినవి కూడా మధ్యాహ్నం భోజనం తర్వాత ఆఫీసు సిబ్బంది జారుకున్నట్టు ఒక్కొక్కటే జారుకునేవి. ముఖసాక్షి ఆమెను తేరిపార చూసి, ‘తలకట్టు సక్రమంగా లేదు. మీరు మీరు కారు’ అని రాసేది. తాను తాను కాని ప్రతిరోజూ సుచరితకు గైర్హాజరు పడేది.

ఆమె తలకట్టు నోడల్ అధికారికి ఫోను చేసింది.

‘‘మీ జుట్టు పొడుగా, పొట్టా?’’ అన్నాడాయన.

‘‘రెండూ సార్. లేయర్లు.’’

‘‘రెండూ అనే గడి లేదమ్మా మా దగ్గర’’ అని ఆయన మర్యాదగా పెట్టేశాడు.

ఆ ఆదివారం కమలాపురంలో కన్యకమ్మ కోడలి గోడు విని, లేచి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక సవరం తీసుకొచ్చింది. నల్లగా, ఒత్తుగా, చేతికి నిండుగా ఉంది.

‘‘కాపరానికొచ్చినప్పట్నుంచి రాలిన ఎంటికె రాలినట్టు చేర్చిపెట్టినా. పిన్నీసులోడికేస్తే ఏమిస్తాడు, రెండు పిన్నీసులు. అందుకే సవరం అల్లిచ్చినా’’ అంది. వ్యాపారస్తుల ఇంట పుట్టి, వ్యాపారస్తుల ఇంట మెట్టిన మనిషి. రాలిన జుట్టు కూడా ఆమెకు సరుకే. ‘‘పరాయోళ్లది గాదు, అంతా నా జుట్టే. ధైర్యంగా పెట్టుకో పో.’’

సోమవారం పొద్దున సుచరిత బుద్ధిగా ఆలోచించింది. ముందు పాయలు మెడ దాకా అందవు కానీ నడినెత్తికి అందుతాయి. అందుకని జుట్టంతా నెత్తిమీదికి ఎత్తి, సవరం చుట్టి, వల వేసి, పిన్నులు గుచ్చింది. రాగిసంగటి ముద్దంత కొప్పు కుదిరింది. ఒక్క వెంట్రుక చెదరలేదు.

ముఖసాక్షి చాలాసేపు ఆలోచించింది. తర్వాత ‘ఇద్దరు వ్యక్తులు కనిపిస్తున్నారు. రెండవ వ్యక్తి ఎవరు?’ అని అడిగింది. కింద రెండు మీటలు ఇచ్చింది. ఒకటి ‘నమోదు చేయండి’, రెండోది ‘పోలీసులకు తెలపండి’.

‘‘అది కొప్పు సార్’’ అంది సుచరిత.

‘‘నాకు తెల్సమ్మా. నాకు తెల్సిండేది దానికి తెల్వాల గదా’’ అన్నాడు దేవేంద్రప్ప. ‘‘సాయంత్రం లోపల అలర్టు మూసేయాలని రూలు ఉండాది. పోలీసులంటే మళ్లా శానా తలనొప్పి. నమోదే చేస్తాండా.’’

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఏ అలర్టునూ సాయంత్రం దాకా తెరిచి ఉంచని మనిషి ఆయన. పేరు అడిగితే ‘కొప్పమ్మ’ అని కొట్టాడు. హోదా దగ్గర ‘తాత్కాలిక సిబ్బంది’ అని కొట్టాడు. స్వస్థలం దగ్గర ఆగాడు.

‘‘ఈ జుట్టు యాడ రాలిందమ్మా?’’

‘‘కమలాపురంలో సార్. మా అత్తది.’’

‘‘పుట్టిన తేదీ?’’

‘‘ఏ ఎంటికె ఎప్పుడు పుట్టిందో ఎట్ల చెప్తాం సార్?’’

అది న్యాయమే అనిపించి ఆయన ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ముఖసాక్షి దాన్నీ అంగీకరించింది. అలర్టు మూతపడింది.

ఆ రోజు నుంచి కొప్పమ్మ నడవడిలో వేలెత్తి చూపే లోపం ఒక్కటి లేదు. సుచరిత ముఖం మనిషి ముఖం కనుక ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండేది కాదు. సోమవారాలు మూడు బస్సులు మారిన కళ్ళతో వచ్చేది. పాప జడల ఫోటో వచ్చిన రోజు ముఖం ఉబ్బి ఉండేది. అలాంటి రోజుల్లో ముఖసాక్షి ఆమెను గుర్తుపట్టేది కాదు. కొప్పమ్మ మాత్రం ఏడవదు, ఆవలించదు, బస్సులో నిద్రపోదు. ఎప్పుడు చూసినా అదే గుండ్రం, అదే నునుపు. రోజూ హాజరే.

‘‘ఈ పొద్దు ఆయమ్మ వచ్చినాది, నువ్వు రాలే’’ అనేవాడు దేవేంద్రప్ప యాప్ చూసి.

‘‘ఆయమ్మ నా తలమీదనే ఉండాది సార్.’’

‘‘ఆయమ్మ ఉండేదానికి రుజువు ఉండాది. కిందుండే తల నీదే అనేదానికి రుజువు యాడ?’’

ఆగస్టు పదిహేను పండుగకు కొప్పమ్మను ఉత్తమ ఉద్యోగినిగా ఎంపిక చేశారు. పైనుంచి వచ్చిన పెద్దాయన ప్రశంసాపత్రం ఇస్తుంటే సుచరిత తల వంచి నిలబడాల్సి వచ్చింది. ఫోటోలో పెద్దాయన నవ్వుతున్నాడు, కొప్పు మెరుస్తోంది. సుచరిత ముఖం నేల వైపుంది. (పెద్దాయన ఆ కొప్పును చూసి ‘కీపిట్ అప్’ అన్నాడని దేవేంద్రప్ప ఇప్పటికీ చెబుతాడు.)

ఇంతలో బదిలీల జాతర వచ్చింది. సుచరిత తన ఫోనులో మొదటి కోరిక కమలాపురం, రెండో కోరిక కమలాపురం, మూడో కోరిక కమలాపురం అని పెట్టుకుంది. ఒకే ఫోనులో హాజరు వేసుకునే ఇద్దరికీ కోరికలు ఒకటే అయి ఉంటాయని ముఖసాక్షి ఉదారంగా భావించి, అవే కొప్పమ్మకూ రాసుకుంది. మధ్యాహ్నం ఉగ్గాని తింటూ దేవేంద్రప్ప ఉత్తర్వు తెరిచి, నములుడు ఆపేశాడు.

‘‘కమలాపురం వచ్చినాదమ్మా’’ అన్నాడు.

పాపకు ఏ రంగు రిబ్బను కొనాలో సుచరిత ఆ క్షణంలోనే తేల్చుకుంది.

‘‘కొప్పమ్మకు’’ అన్నాడాయన.

కారణాలు స్పష్టంగా రాశారు. హాజరు సంపూర్ణం. స్వస్థలం కమలాపురం. తలకట్టు ఆదర్శప్రాయం. సుచరిత పేరు ఎదురుగా మాత్రం ‘హాజరు చాలదు’ అని ఉంది. ఆమెకు దుఃఖం ఆగలేదు. సంచుల మీద తలపెట్టి గట్టిగానే ఏడ్చింది. ఏడ్చినంతసేపూ కొప్పు కదల్లేదు.

‘‘పొరపాటయిందని రాయండి సార్’’ అంది చివరికి.

‘‘ఏమని రాయాలమ్మా? లేని మనిషిని చేర్చుకున్యానని నేను రాసుకోవాల్నా? లేని మనిషికి ప్రశంసాపత్రం ఇచ్చినాడని పై ఆయప్ప మీద రాయాల్నా?’’ దేవేంద్రప్ప గొంతులో నిజంగానే జాలి ఉంది. జాలికి గడి లేదు కనుక ఆయనా ఏమీ చేయలేకపోయాడు. ‘‘రేపు సాయంత్రం లోపల ఆయమ్మను రిలీవ్ చేయాల. ఆ తర్వాత ఈడ కనపడితే అనధికారంగా ఉండేట్లు లెక్క. నీకూ నాకూ ఇద్దరికీ సస్పెన్షనే.’’

మర్నాడు వీడ్కోలు సభ జరిగింది. ఉగ్గానితోపాటు బజ్జీలు కూడా తెప్పించారు. సుచరిత కుర్చీలో కూర్చుంటే దేవేంద్రప్ప వెనక నిలబడి కొప్పుకు దండ వేశాడు, శాలువా చుట్టాడు. ‘‘కొప్పమ్మ ఈడ ఉన్యన్ని దినాలు ఎవర్నీ ఒక్క మాట అనలే, ఒక్క సెలవ అడగలే. ఇట్లాంటోళ్లు పోతాంటే మనసుకు కష్టంగా ఉండాది’’ అన్నాడు. ఆ తర్వాత సుచరిత పిన్నులు ఒక్కొక్కటే తీసి, వలతో సహా కొప్పును ఊడదీసి ఆయన చేతికిచ్చింది. ఆయన సంతకం తీసుకోవడానికి చూసి, చెయ్యి లేదని గుర్తొచ్చి, మానుకున్నాడు. కొప్పమ్మ ఆ సాయంత్రమే అట్టపెట్టెలో బస్సు పార్శిలుగా కమలాపురం వెళ్ళింది. సుచరిత మూడు బస్సులు మారే దారిని అది కాలు కింద పెట్టకుండా దాటేసింది.

ఇప్పుడు జ్ఞానేశ్వర్ రోజూ పొద్దున కొట్టు తీసేముందు కొప్పమ్మను కమలాపురం ఆఫీసుకు తీసుకుపోతాడు. అక్కడి సూపరింటెండెంటు అయ్యన్న ఆమెకిచ్చిన కుర్చీలో ఒక ఇత్తడి బిందె బోర్లించి, దాని మీద కొప్పమ్మను కూర్చోబెడతాడు. ముఖసాక్షి వెంటనే హాజరు వేస్తుంది. వెనకటి ఉద్యోగి కంటే ఈమె ఎంతో నయమని అయ్యన్న అభిప్రాయం. సాయంత్రం అయిదు కాగానే జ్ఞానేశ్వర్ మళ్ళీ ఇంటికి తెస్తాడు.

‘‘ఏమైతేనేం, మనింటికి ఒక బదిలీ వచ్చె గదా’’ అంది కన్యకమ్మ ఫోనులో. ఆమె గొంతులో గర్వం దాగలేదు. ఎంతైనా ఆమె జుట్టు. తర్వాత పాప ఫోను లాక్కుంది.

‘‘అమ్మా, కొప్పమ్మ రోజూ ఇంటికొస్తాంది. నువ్వేంటికి రావు?’’

‘‘వస్తా తల్లీ. ఈ పొద్దు జడలు ఎవరేసినారు?’’

‘‘నాయనే. విప్పేకి ఇప్పుడు కత్తెర తెస్తాండాడు.’’

సుచరిత ఫోను పెట్టేసి, ఆ సాయంత్రమే కూర్చుని వినతి రాసింది. ఈసారి కోరికల గడులు వాడలేదు. నా తల నందికొట్కూరులో, నా కొప్పు కమలాపురంలో ఉన్నాయి, కొప్పు లేక ఇక్కడ నేను నేను కాకుండా పోయాను, అక్కడ నా బిడ్డ తల దువ్వే దిక్కు లేదు, దయచేసి ఇద్దరినీ ఒకేచోట ఉంచండి అని తెలిసిన మాటల్లో రాసి పంపింది.

శాఖ చరిత్రలో ఎన్నడూ లేనంత వేగంగా జవాబు వచ్చింది.

‘శ్రీమతి సుచరిత గారి వినతిని సానుభూతితో పరిశీలించడమైనది. కమలాపురంలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ ఇటీవలే అర్హురాలైన స్థానిక అభ్యర్థినితో భర్తీ అయినందున, సదరు కొప్పమ్మ గారు పదవీ విరమణ చేసిన వెంటనే మీకు ప్రాధాన్యం ఇవ్వబడును. ఆమె పుట్టిన తేదీ నమోదు కానందున, విరమణ తేదీ చెప్పజాలము. అంతవరకు చక్కని కొప్పుతో విధులకు హాజరు కాగలరు.’