పది లీటర్ల ఆవు

ఆ ఉదయం సతీష్ వేసుకున్న పథకం సరళమైనది. జపాన్‌లోని హొక్కైడో నుంచి వస్తున్న పాడి నిపుణుడు తనాబేకు భీమక్క ఆవును చూపించాలి; పన్నెండింటికల్లా భద్రాచలంలో భోజనం పెట్టించాలి. పశువుల అధికారిగా హొక్కైడోలో మూడు వారాలు శిక్షణ పొందివచ్చిన సతీష్, అడవి అంచున కోయగూడెంలో ఉండే భీమక్కకు ఒక జెర్సీ ఆవును ఇప్పించాడు. అది రోజుకు పది లీటర్ల పాలిస్తోందని ఆరు నెలలుగా ఖమ్మంలోని కుర్చీలోంచి కదలకుండా నివేదికలు పంపుతున్నాడు.

అతిథికన్నా రెండు గంటల ముందే గూడెం చేరి, పాలేవని అడిగాడు.

"పాలేంది సారూ? అవి దూడయి," అంది భీమక్క. "మా గూడెంల ఆవును పిండం. ఇచ్చిననాడు అడిగితే చెప్పకపోదునా?"

అతడు అడగని మాట నిజం. పాలు లేవని తేలితే ఆవునూ దూడనూ వెనక్కి తోలుకుపోతామన్నాడు. భీమక్క ముఖం బిగుసుకుంది. ఆమెకున్న ఒంటి ఎద్దుకు ఆ కోడెదూడే రేపటి జత.

హొక్కైడో పద్ధతి ప్రకారం దూడను తల్లికి దూరంగా కట్టించాడు. జీపును పరుగెత్తించి, పాల వ్యాపారి అహ్మద్ పాషాతో పది లీటర్లు తెప్పించాడు.

తనాబే రాగానే పాలలో పరికరం ముంచాడు. వెన్న ఏడు శాతం. తమ ఆవుల పాలలో నాలుగే ఉంటుందే అని దుబాసీ చేత అడిగించాడు.

"గంత జల్దీ ఆవు పాలు యాడ దొరుకుతయ్ సార్? బర్రె పాలు తెచ్చిన," అన్నాడు పాషా, సతీష్ చెవిలో.

అడవి మేత మహిమ అన్నాడు సతీష్. అంతటి ఆవును తన కళ్లముందే పిండమన్నాడు తనాబే.

హొక్కైడోలో యంత్రం బిగించడం మాత్రమే నేర్చిన సతీష్ పొదుగు పట్టాడు. ఎన్నడూ చెయ్యి తగలని ఆవు తన్నింది. బకెట్టు ఒక దిక్కుకు, అధికారి మరొక దిక్కుకు పోయారు. అవతల దూడ అరుస్తూనే ఉంది. భీమక్క వెళ్లి దాని తాడు విప్పింది.

"తీస్కపోతే తీస్కపోండ్రి. అది ఆకలికి అరుస్తుంటే నేను చూడలేను. ఈ ఆవును ఎవ్వలం పిండలే. పాలన్నీ దూడే తాగింది."

దుబాసీ ఆ మాటలు చెబుతుండగా తనాబే దూడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, టేపుతో దాని ఛాతీ కొలిచాడు. నమ్మకం కలగక మళ్లీ కొలిచాడు. తమ వద్ద పుట్టిన దూడను వెంటనే తల్లికి దూరం చేస్తారనీ, ఈ వయసులో ఇంత పుష్టి తానెక్కడా చూడలేదనీ చెప్పించాడు. ఆవూ దూడా భీమక్క వద్దే ఉండాలనీ, దూడల పెంపకం నేర్చుకోవడానికి అధికారిని ఆరు వారాలు ఆమె వద్ద ఉంచాలనీ రాసిచ్చాడు. పైవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.

ఆ నెల నివేదికను సతీష్ గూడెంలోనే కూర్చుని నింపాడు. పాల దిగుబడి అన్న గడిలో మొదటిసారి నిజం రాశాడు: సున్నా.