మడుగులో మందు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఏలేవాళ్లకే హద్దులు తెలియనంత పెద్దదిలెండి, ఒక పరిశోధన కేంద్రం ఉండేది. ఏటి అవతలి దుమ్ములగొండ్లు మన జంతువుల బుర్రల్లోకి దొంగచాటుగా ఏయే పుకార్లు ఎక్కిస్తున్నాయో కనిపెట్టడం దాని పని. అధ్యక్షురాలు డాక్టర్ పునుగుపిల్లి.

మూడేళ్లు వెతికినా ఒక్క పుకారూ దొరకలేదు. దుమ్ములగొండ్లు తిని పడుకోవడం తప్ప ఏమీ చేయడం లేదు.

ఒకరోజు రక్షణమంత్రి అడవిదున్న వచ్చి, గుహగోడకు కొమ్ములు రుద్దుకుంటూ అన్నాడు.

“డాక్టరమ్మా, నెలలోగా నివేదిక రాకపోతే గుహ ఖాళీ చెయ్యాలి. ఎలుగుబంటి అడుగుతున్నాడు, పడుకోవడానికి.”

“శత్రువు ఏమీ చెయ్యట్లేదని రాయొచ్చా అండీ?”

“రాయండి. ఆ కాగితాలు ఎలుగుబంటికి పరుపుగా పనికొస్తాయి.”

పునుగుపిల్లికి గుహ వదలబుద్ధి కాలేదు. మండే ఎండల్లోనూ చల్లగా ఉండే గుహ అది. పక్కనే మడుగు. పూటకు రెండుసార్లు ఆ నీళ్లు తాగకపోతే ఆవిడకు బుర్ర పనిచేయదు.

అప్పుడు ఒక శాస్త్రీయమైన ఆలోచన తట్టింది. శత్రువు పుకారు పుట్టించకపోతే ప్రయోగం కోసం మనమే ఒకటి పుట్టించి, అదెంత వేగంగా పాకుతుందో కొలవచ్చు కదా! చిలకను పిలిచి చెవిలో వేసింది.

“దుమ్ములగొండ్లు మడుగులో మందు కలిపాయట. తాగితే తోకలు ఊడతాయట.”

సాయంత్రానికల్లా అడవంతా తోకలు తడిమి చూసుకుంది. పునుగుపిల్లి సంబరంగా పత్రం రాసింది. పుకారు ఎవరు పుట్టించారన్న చోట, పరిశోధకుల ఆనవాయితీ ప్రకారం, ‘పేరు గోప్యం’ అని పెట్టింది.

పక్క అడవి ప్రొఫెసర్ గుడ్లగూబ ఆ పత్రం చదవకుండానే ‘మడుగులో మందు కలిపినట్టు డాక్టర్ పునుగుపిల్లి రుజువు చేశారు’ అని తన పత్రంలో రాసేశాడు. ఆయన్ని చూసి మరో పదిమంది రాశారు.

ఆవిడదీ కలిపి పన్నెండు పత్రాలూ కొమ్ములకు గుచ్చుకుని దున్న పరిగెత్తుకొచ్చాడు. “మడుగు చుట్టూ ముళ్లకంప వేయిస్తున్నాం. ఇకనుంచి అందరూ ఆకుల మీద మంచు నాక్కోవాల్సిందే!”

“అయ్యో, అది నేనే పుట్టించానండీ! మందూ లేదు, మాకూ లేదు. పొద్దున కూడా తాగాను, చూడండి నా తోక!”

దున్న జాలిగా చూశాడు. “పాపం, మిమ్మల్నీ లోబరుచుకున్నారన్నమాట. మీరే రాశారు కదమ్మా, ఏడో పేజీలో! ‘శత్రువు వల్ల ప్రమాదమే లేదని వాదించేవాళ్లు అప్పటికే శత్రువు వలలో పడ్డట్టు లెక్క’ అని.”

పత్రం బరువుగా కనబడాలని తానే ఇరికించిన వాక్యం అది. పునుగుపిల్లికి ఏడుపొచ్చింది.

మడుగు దగ్గర ఎవరూ లేరని తెలిసి దుమ్ములగొండ్లు ఏరు దాటి వచ్చాయి. ముళ్లకంప పక్కకు లాగి కడుపారా తాగాయి, ఈదులాడాయి.

“చూశారా!” అని దున్న గంతేశాడు. “మందు కలిపినవాళ్లు కాబట్టే విరుగుడు తెలుసు!”

శత్రువు కుట్రను ముందే పసిగట్టిన దూరదృష్టికి మెచ్చి సింహంగారు పునుగుపిల్లికి గుహను శాశ్వతంగా రాసిచ్చి, సభ పెట్టి సన్మానం చేశారు. నాలుగు మాటలు మాట్లాడమంటే ఆవిడ నాలుక దాహంతో పిడచకట్టుకుపోయింది. “కాస్త నీళ్లు...” అని సైగ చేసింది. దున్న వినయంగా ఒక ఆకు అందించాడు. దానిమీద రెండు మంచు చుక్కలున్నాయి.

నీతి: అబద్ధం రాసేముందు కడుపునిండా నీళ్లు తాగి కూర్చోవాలి.