నలభై మందికి సరిపోయే ఐస్ బ్రేకర్

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: కుట్టుమిషను ముందు నాన్న, వంటింట్లో అమ్మ, చేతిలో రాసుకునే అట్టతో అటూ ఇటూ తిరుగుతున్న అక్క, పెరట్లో అక్క ఆఫీసు నుంచి వచ్చిన మేనేజరు, లెక్కలాయన, స్టోర్సాయన, రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ, వాళ్ళ మధ్య గోనెసంచి కప్పుకున్న ఒక పెద్ద ఐసు దిమ్మ. నేనూ ఉన్నాను. నా చేతిలో ఒక ఫారం ఉంది.

ముందే చెప్పేస్తున్నాను. మనిషి కనిపెట్టినవాటిలో అన్నిటికన్నా గొప్పది టీమ్ బిల్డింగ్! నిప్పు, చక్రం, కరెంటు అన్నీ దాని తర్వాతే. నవ్వకండి. నిప్పు చలి కాచుకోవడానికి పనికొస్తుందేమో గానీ, ఒకే గదిలో కూర్చునే నలభై మందికి ఒకరి పేరు ఒకరికి తెలిసేలా చేయగలదా?

అక్క పనిచేసేది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో. ఆ ఆఫీసులో కుర్చీలు ఎంత దగ్గరగా ఉంటాయంటే ఒకరు తుమ్మితే పక్కవాళ్ళ కాగితాలు ఎగురుతాయి. అయినా ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోరు. మరి రోజూ ఒక ఐదు నిమిషాలు మాట్లాడుకోనివ్వచ్చు కదా అని మీరు అడుగుతారు. ఎంత అమాయకులండీ మీరు! సోమవారం మాట్లాడితే కబుర్లు, ఆదివారం మాట్లాడితే యాక్టివిటీ. సోమవారం నవ్వితే మెమో, ఆదివారం నవ్వకపోతే మెమో. అందుకే వాళ్ళందరినీ సెలవురోజు ఎండలోకి తీసుకెళ్ళి కాళ్ళకి కాళ్ళు కట్టి పరిగెత్తించాలి.

ఈ ఏర్పాట్లన్నీ అక్క నెత్తిన పడ్డాయి. ఆఫీసులో అందరికన్నా కొత్తది కాబట్టి కాదనలేకపోయింది. అసలు ఆటలు వచ్చే ఆదివారం, ఊరి బయట మైదానంలో. ఈ ఆదివారం మా పెరట్లో ట్రయల్. మూడు వారాలుగా అక్క అన్నం తింటూ ప్లాన్ చేసింది, తల దువ్వుకుంటూ ప్లాన్ చేసింది, నేను పిలిస్తే "ఊఁ" అంటూ ప్లాన్ చేసింది.

మధ్యలో నా గోల ఒకటి. ఆ ఫారం మర్నాడు పొద్దున్నే బడిలో ఇచ్చేయాలి. పై చదువుకి ఏం తీసుకుంటానో అందులో రాయాలి. నడిచివెళ్ళే దూరంలో ఉన్న కాలేజీలో కామర్స్ అని నాన్న ముందే పెన్సిలుతో రాసిపెట్టారు. నాకు సైన్సు కావాలి. దానికి హాస్టల్లో ఉండాలి. ఆ మాట నాన్నకి ఒప్పేలా చెప్పగల మనిషి ఇంట్లో అక్క ఒక్కతే. అక్కకి చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు చాలు. అయినా ఇదెంత? ఒక్క మనిషి సంగతి. అక్కడ నలభై మంది!

మా నాన్న టైలరు. కళ్ళకి కట్టే గంతలు నలభై కావాలని అక్క చెబితే, "తలల కొలతలు తీసుకురా" అన్నారు. కొలతలెందుకు, ఏదో ఒక గుడ్డముక్క చాలంది అక్క. ఏదో ఒకటి కుట్టడానికైతే తనెందుకని నాన్నకి కోపం వచ్చింది. చివరికి ఆఫీసు గ్రూప్ ఫోటో ముందు పెట్టుకుని, కళ్ళద్దాలు సవరించుకుంటూ తలలన్నీ అంచనా కట్టి, లోపల మెత్తటి లైనింగు, చుట్టూ పైపింగు వేసి నలభై గంతలు కుట్టారు. మేనేజరు ఒకటి కట్టుకుని చూసి, ఇంత బాగా ఏమీ కనిపించకపోవడం తన జీవితంలో ఇదే మొదటిసారి అని మెచ్చుకున్నారు.

గంతలు ఎందుకంటారా? నమ్మకం కోసం. కళ్ళు కట్టుకున్నవాళ్ళు పక్కవాళ్ళ మాట నమ్మి నడవాలి. ఆ కంపెనీ గేటు దగ్గర రోజూ సాయంత్రం అందరి సంచులూ వెతుకుతారు, పంపులు టిఫిన్ డబ్బాల్లో పెట్టుకుని పట్టుకుపోతారేమోనని. ఆరు రోజులు సంచులు వెతికితే ఏడో రోజుకి నమ్మకం దానంతటదే పొంగి పొర్లదూ?

ఇక ఐసు దిమ్మ సంగతి. అంతకుముందు రోజు అక్క ఆఫీసు నుంచి నాన్నకి ఫోన్ చేసి, అన్నిటికంటే ముందు ఐస్ బ్రేకర్ పెట్టాలి, నలభై మందికి సరిపోయేది చూసి ఉంచమంది. ఇంటర్నెట్టులో చూసి ఉంచమని అక్క ఉద్దేశం. నాన్న సైకిలేసుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారు. నలభై మంది పగలగొట్టాలంటే ఎంత దిమ్మ కావాలో వాళ్ళనే అడిగి, రిక్షాలో వేయించుకొచ్చి, రంపపు పొట్టు పరిచి దాని మీద పెట్టారు. పక్కన తన చేత్తో ఒక సుత్తి కూడా పెట్టారు. పొద్దున అక్క పెరట్లోకి వచ్చి చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"నాన్నా, ఐస్ బ్రేకర్ అంటే ఐసు పగలగొట్టడం కాదు. మాట కలపడం."

"మాట కలపడానికి ఐసెందుకే? నోరు చాలదూ?" అన్నారు నాన్న.

ఆ మాటకి జవాబు చెప్పగలవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను. అంతలో మేనేజరు గుమ్మంలోకి వచ్చేశారు. ఐసుని దాచే చోటు లేదు. అక్క సుత్తి చేతిలోకి తీసుకుని, "ఐస్ బ్రేకర్, సార్" అంది. మేనేజరు దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, ఇది విదేశీ పద్ధతా అని అడిగారు. అక్క తల అటూ కాకుండా ఇటూ కాకుండా ఊపింది. అయితే మొదలుపెట్టండన్నారు మేనేజరు.

లెక్కలాయనకీ స్టోర్సాయనకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఒకాయన స్టేప్లర్ రెండో ఆయన తీసుకుని, పిన్నులు లేకుండా తిరిగిచ్చారట. ఇప్పుడు ఒకే సుత్తి ఇద్దరి చేతుల్లోకీ మారుతోంది. లెక్కలాయన కొట్టిన దెబ్బకి ఒక ముక్క ఎగిరి వెళ్ళి స్టోర్సాయన చొక్కాలో పడింది. ఆయన గెంతిన గెంతుకి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పట్టుకున్న చొక్కా వదలకుండానే స్టోర్సాయన, "ఆరేళ్ళు ఆగి తీర్చుకున్నావురా పగ" అన్నారు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. మిగిలిన ఐసు అమ్మ గ్లాసుల్లో వేసి నిమ్మరసం ఇస్తే, గోడ నీడలో కూర్చుని పిల్లల చదువుల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు.

అప్పుడే మేనేజరు వాచీ చూసుకుని, కబుర్లాపి యాక్టివిటీలోకి వెళదామన్నారు.

తర్వాతి యాక్టివిటీ పేరు మనసులో మాట. అందరూ చుట్టూ కూర్చోవాలి, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఒకటి చెప్పాలి. మనిషికి రెండు నిమిషాలు, తర్వాత గంట కొడతారు. గంట మేనేజరు చేతిలో ఉంది కాబట్టి ఆయన మనసు ఇరవై నిమిషాలు పట్టింది. తన గది తలుపు ఉద్యోగుల కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నారు. ఆ తలుపుకి ఏసీ చల్లదనం పోకుండా దానంతటదే మూసుకునే స్ప్రింగు ఉందని రిసెప్షన్ ఆవిడ నా చెవిలో చెప్పింది. తలుపు తెరిచే ఉంటుందన్న మాటనే ఆయన పెద్ద అక్షరాలతో పోస్టర్లు కూడా వేయించారు. జిగురు ఆగుతుందో లేదో చూడటానికి నాన్న పొద్దున్నే ఒకటి తీసుకెళ్ళి అక్క గది తలుపుకి బయటివైపు అంటించారు. అయితే తలుపు బార్లా తీసి ఉండటంతో పోస్టరు కాస్తా గోడవైపు తిరిగిపోయింది. దాన్ని ఎవరూ చదవలేదు.

సంఖ్య సరిపోవడం లేదని నన్ను కూడా చుట్టులో కూర్చోబెట్టారు. నా వంతు వచ్చింది.

"చెప్పమ్మా. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు" అన్నారు మేనేజరు.

అందరూ నావైపు చూశారు. కిటికీలోంచి నాన్న కూడా, నోట్లో సూదితో. నా చేతిలో ఫారం చెమటకి మెత్తబడింది. "నాకు..." అన్నాను. ఇంకోసారి "నాకు..." అన్నాను. ఇలాంటి పెద్ద వాక్యాలు మొదలుపెట్టడానికి కొంచెం సమయం పడుతుందండీ. మూడోసారి నోరు తెరిచేసరికి గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చాలా నిజాయితీగా చెప్పానని మేనేజరు మెచ్చుకుని, అక్క అట్ట మీద నాకు పదికి తొమ్మిది మార్కులు వేయించారు. బళ్ళో మాట్లాడితే నాకెప్పుడూ ఇన్ని రాలేదు. చూశారా, టీమ్ బిల్డింగ్ మహిమ!

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. పెరట్లో తడి రంపపు పొట్టు మిగిలింది. ట్రయల్ రిపోర్టు ఆరింటికల్లా పంపాలని అక్క తన గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను. ఈసారి వాక్యం మొత్తం ముందే నోట్లో పెట్టుకున్నాను.

"అక్కా, ఐదు నిమిషాలు. రేపటి ఫారం గురించి."

అక్క తలెత్తి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాపం, పొద్దుట్నుంచీ కూర్చుందే లేదు.

"ఒక్క పేరానే మిగిలిందే. ఎదుటివాళ్ళ మాట శ్రద్ధగా వినడం గురించి. అది రాసేసి వచ్చేస్తా. తలుపేసుకుంటున్నా, ఏమీ అనుకోకు. ఎవరైనా మాట్లాడుతుంటే రాయలేను."

నేనేమీ అనుకోలేదు. నా వెనక, ముందుగదిలోంచి నాన్న పెన్ను తీసుకుని నన్ను పిలుస్తున్నారు, ఆ ఫారం ఇటు తెస్తే పెన్సిలు రాత మీద దిద్దేస్తానని.

అక్క తలుపు వేసింది. గోడవైపు ఉన్న పోస్టరు తిరిగి నా మొహానికి ఎదురుగా వచ్చి ఆగింది. మా నాన్న జిగురు బాగానే పెట్టారు, ఒక్క మూల కూడా లేవలేదు. మా తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.